గురువారం ఆరింటికి

పెళ్ళయి రెండు నెలలైన ఇల్లు. బుధవారం సాయంత్రం. అతను గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చాడు. వంటగదిలో ఉన్న ఆమె వెనక్కి తిరగలేదు.

"ఒప్పుకున్నారు! మా ఆస్పత్రి పెద్దాయన ఒప్పేసుకున్నాడు! రేపు పొద్దున్నుంచి ఆస్పత్రి మొత్తం నా ప్రోగ్రామే వాడుతుంది. ఏ పేషెంటు ఏ రోజు రావాలో క్యాలెండర్‌లో వెతికి చూపించేది ఇక నేను రాసిందే. విన్నావా?"

"సంతోషమండీ."

"సంతోషమండీ ఏంటి, పక్కింటాయనకి చెప్పినట్టు?"

"చెప్పులు బయట విప్పి రండి."

"అమ్మో. 'అండీ' వచ్చిందంటే కోపం నషాళానికి అంటినట్టే. ఏం చేశాను?"

"అదే చెప్తున్నా. ఏమీ చెయ్యలేదు మీరు."

"సరిగ్గా చెప్పవే తల్లీ."

"నోటితో చెప్పకూడదుగా! పెళ్ళైన నాలుగో రోజున ఏమన్నారు? 'నోటితో చెప్తే మర్చిపోతా, ఏదున్నా ఫోన్లో మనిద్దరి క్యాలెండర్‌లో పెట్టు, నా ప్రోగ్రాం పొద్దున్నే వెతికి ఇస్తుంది' అన్నారా లేదా?"

"అన్నాను. రోజూ పైకి చదువుతూనే ఉన్నాగా! నీ పంటి డాక్టరు చదివాను, ప్లంబరు వచ్చే రోజు చదివాను, మీ అక్క పుట్టినరోజు..."

"గురువారం చదివారా?"

"ఏ గురువారం?"

"ఏ గురువారమట! ఆరింటికి, మేడ మీద, మనిద్దరం. మొదటివారం వచ్చారు. ఆ తర్వాత ఆరు వారాలు మీ అజాపజా లేదు."

"అది ఒక్కసారికే అనుకున్నానే!"

"ప్రతివారం అని పెట్టాను. రెండు కుర్చీలు పైకి మోసుకెళ్ళి, ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో టీ ఫ్లాస్కు. ఎదురింటి పిన్నిగారు ఏమందో తెలుసా? 'ఏమ్మా, కాపురం ఆ ఫ్లాస్కుతోనేనా' అని."

"ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా? ఆరు వారాలు మూతి బిగించుక్కూర్చుని, ఇవాళా నీకు దొరికింది? నాకింత మంచి రోజునా?"

"అడుక్కోవాలా? మొగుణ్ణి పది నిమిషాలు పక్కన కూర్చోమని అడుక్కోవాలా?"

"అరవకు. క్యాలెండర్‌లో ఉంటే నా ప్రోగ్రాంకి కనబడి తీరుతుంది. నువ్వే సరిగ్గా పెట్టుండవు."

"అయితే వెతకండి. నా కళ్ళముందు వెతకండి."

"వెతుకుతా. ఇదిగో, పెళ్ళి రోజు నుంచి ఇవాళ్టి వరకు, గురువారాలన్నీ... చూడు, ఒకటే ఉంది. మొదటిది."

"ప్రతివారం అని నేను పెట్టలేదా? చూడండి, నా ఫోన్లో. ఇవేంటి?"

"ఆగు."

"ఏంటాగేది?"

"ఆగాగు. వారం వారం వచ్చేవాటిని విడివిడిగా ఇవ్వమని క్యాలెండర్‌ని ప్రోగ్రాం అడగాలి. అడగకపోతే మొత్తానికి కలిపి ఒక్కటే ఇస్తుంది, మొదటి తేదీ వేసి. ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది కదా అని నాది దాన్ని అవతల పారేస్తోంది."

"అంటే మీరు అడగలేదు."

"అడగలేదు."

"నెలరోజులు పరీక్షించానన్నారు?"

"మన ఇంటి క్యాలెండర్ మీదే పరీక్షించాను. అన్నీ వచ్చాయి."

"అన్నీనా?"

"వారం వారం వచ్చేది అందులో... నీదొక్కటే."

"బావుంది. ఆస్పత్రికి వారం వారం వచ్చేవాళ్ళు లేరా?"

"వారం వారం... అయ్యో!"

"మిమ్మల్నే."

"ఉన్నారు. డయాలసిస్ వాళ్ళు. అరవైమంది, వారానికి మూడుసార్లు."

"వాళ్ళూ ఒక్కసారే కనబడతారా?"

"మిగతా రోజులు మంచం ఖాళీ అని చూపిస్తుంది. ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

"వాళ్ళు నాలా ఫ్లాస్కు పెట్టుకుని కూర్చోలేరండీ."

"తెలుసు! తెల్లారేలోపు నేనే సరిచేసేస్తా. ఎవరికీ తెలియక్కర్లేదు."

"ఆ సరిచేసింది ఎవరిమీద పరీక్షిస్తారు? ఆ అరవైమంది మీదా?"

"ఇప్పుడు పెద్దాయనకి చెప్తే నా పరువేం కావాలి? ఆఫీసంతా నవ్వుతుంది."

"నవ్వనీండి. ఎదురింటావిడ ఆరు వారాలు నవ్వింది, నేను బతికి లేనా?"

"ఉండు, ముందు ఇది చూడనీ. విడివిడిగా అడిగాను... వచ్చాయి. అన్నీ వచ్చాయి. వచ్చేవారం ఉంది, ఆపైవారం ఉంది... రేపటిది లేదే?"

"పొద్దున తీసేశాను."

"ఎందుకు?"

"రేపు అక్క దగ్గరికి వెళ్తున్నా. బస్సు టిక్కెట్టు తీసుకున్నా."

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు. ముందు ఆ ఫోన్ చేస్తారా, చెయ్యరా?"

"చేస్తున్నా... సార్, నేనే. రేపు మొదలుపెట్టొద్దు సార్... లేదు, తప్పు నాదే. మళ్ళీ మళ్ళీ వచ్చే పేషెంట్లు మొదటిసారి తర్వాత కనబడరు... అవును సార్, డయాలసిస్ వాళ్ళే... తెలుసు, అందరికీ చెప్పేశారని తెలుసు... మా ఆవిడ పట్టుకుంది సార్... ప్రోగ్రాంని కాదు, నన్ను... రేపు మధ్యాహ్నానికల్లా సరిచేసి మీ ముందే వెతికి చూపిస్తా... అలాగే సార్."

"తిట్టారా?"

"ఉతికి ఆరేశారు. నేను చూపించేదాకా పాత రిజిస్టరే రాస్తారట."

"రాయనీండి. మంచిదే."

"ఇక నువ్వూ వెళ్ళిపో. అన్నీ ఒక్కరోజే అయిపోతాయి. బస్సు ఎన్నింటికి?"

"సాయంత్రం ఐదున్నరకి."

"క్యాలెండర్‌లో పెట్టనే లేదు."

"పెట్టను. నోటితోనే చెప్తున్నా, చెవులు రిక్కించుకుని విను. నువ్వు ఫోన్లో తిట్లు తింటుంటే నీకు రెండో టిక్కెట్టు తీశాను, నా పక్క సీటే. రేపు ఐదున్నరకి బస్టాండులో ఉండాలి. ఫ్లాస్కు నువ్వు పట్టుకురా."