పుచ్చిన అడుగు పలక

పత్తి బేళ్ళతో పోతున్న పడవ ముక్త్యాల రేవు దాటగానే మునిగింది. పడవ పుచ్చిందని ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఎగ్గొడితే, పడవ సొంతదారు షావుకారు దావా వేశాడు. నందిగామ కోర్టు వరండాలో షావుకారు వెంటపడుతుంటే, సాక్ష్యానికొచ్చిన పడవ సరంగు ఒకచోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"పడవ గట్టిదని ఒక్కమాట చెప్పరా!"

"గట్టిదైతే ఎందుకు మునిగిందని అడగరాండీ?"

"చుక్కాని పట్టినోడు తిప్పడం రాక ముంచాడని చెప్పు."

"చుక్కాని పట్టింది మా తమ్ముడండీ!"

"పోయినోడికి పరువేంట్రా?"

"ఆడి పెళ్ళాం ఊళ్ళో తిరగొద్దా? అడుగు పలక పుచ్చిందని మీ కొట్టుకొచ్చి మొత్తుకున్నా. ఈ ఒక్కసారికీ పొమ్మన్నదెవరు? బేలులోంచి దూది పీకి, కన్నంలో కుక్కమని చేతికిచ్చిందెవరు?"

"అరవకు! కుక్కింది నువ్వేగా. తెలిసే ఎక్కావుగా. నన్ను ముంచితే నువ్వూ మునుగుతావ్."

సరంగు తిరగడం ఆపేశాడు. షావుకారు చెప్పిన మాటల్లో నిజమైంది అదొక్కటే.

లోపల్నుంచి బంట్రోతు అతని పేరు పెట్టి కేకేశాడు.

"ఏం చెబుతావురా? చెప్పి పో!"

"తెలిసే ఎక్కానని చెబుతానండీ. తెలియకుండా ఎక్కింది మా తమ్ముడొక్కడే. దడుస్తాడని నేనే ఆడికి చెప్పలేదు."