పక్క అర

చావకపోవడం కూడా నేరమేనా, దొనాటా? నువ్వే చెప్పు. ఇంటికొక శవం లేచిన వీధిలో నేనొక్కణ్ణి మంచం దిగి కూర్చుంటే, మన సంఘ పెద్ద రొగాటస్ నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

ఉండు, ముందు నీ సమాధి మీద ఈ కాస్త ద్రాక్షారసం పోయనీ. నీళ్లెక్కువ కలిపాను, తిట్టకు.

క్రీస్తుని కాదని చక్రవర్తి బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వేసి బయటపడ్డవాణ్ణి నేను. వెయ్యనని జైల్లోనే ప్రాణం వదిలినదానివి నువ్వు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, మళ్లీ ఏడవను. నా గోడు అది కాదు.

ఆ తప్పుకి అప్పట్నుంచీ ప్రతి ఆదివారం నేను గుడి వాకిట్లోనే కదా. లోపల పాట మొదలవుతుంది, రొట్టె విరుస్తారు. నేనేమో గోనె కట్టుకుని, వచ్చేపోయేవాళ్ల కాళ్లు పట్టుకుని, నా కోసం ప్రార్థించండయ్యా అంటాను. కొందరు సరేనంటారు. కొందరు కాలు విదిలించుకుని పోతారు. ఇంకా ఎన్నాళ్లని రొగాటస్‌ని అడిగితే, ప్రాణం పోయేటప్పుడు చూద్దాంలే అన్నాడు.

ఆ మాటే పట్టుకుని బతికానే! ప్రాణం పోయేటప్పుడు రొట్టె పెడతారు. రొట్టె తిన్నవాడు సంఘంలోవాడు. సంఘంలోవాడైతే ఇదిగో, నీ పక్కన ఈ ఖాళీ అరలో పడుకోవచ్చు. మొగుడూ పెళ్లాలం, మనిద్దరికీ అనేగా రాతిలో జంట అర తొలిపించుకున్నాం?

అంతలో మహమ్మారి వచ్చింది. నాకూ సోకింది. నవ్వకు, ఎంత సంబరపడ్డానో! రొగాటస్ పరిగెత్తుకొచ్చి తల మీద చెయ్యి పెట్టి, నోట్లో రొట్టె ముక్క పెట్టాడు. పాపం, ఏడ్చాడు కూడా. నేను నీ దగ్గరికి వస్తున్నాననుకుని కళ్లు మూసుకున్నాను.

తెల్లారేసరికి ఆకలేసింది. జ్వరం లేదు, ఒట్టి ఆకలి. అత్తిపళ్లు అడిగి మరీ తిన్నాను.

ఆదివారం తలంటుకుని, ఉతికిన బట్ట కట్టుకుని వెళ్తే కాపలావాడు చెయ్యడ్డం పెట్టాడు. రొగాటస్ బయటికొచ్చాడు. "అది చచ్చిపోయేవాడికిచ్చిన రొట్టె జాదరూ," అన్నాడు. "నువ్వు బతికావు కదా. మళ్లీ వాకిట్లో నిలబడు."

మింగిన రొట్టెని కక్కమంటాడా ఏం? అడుగుదామనుకున్నాను. వెళ్లి నా చోట్లో నిలబడ్డాను.

ఇప్పుడు శవాలకి చోటు చాలట్లేదట. నీ పక్క అర ఊరికే ఉందని సమాధులు తవ్వేవాడు గొణుగుతున్నాడు. రేపు అందులో సెర్టోరియాని పెడుతున్నారు. అవునే, ఆ చేపల సెర్టోరియానే! నీకూ ఆవిడకీ ఏళ్ల తరబడి మాటల్లేవు. పునరుత్థానం దాకా ఇద్దరూ ఎలా సర్దుకుంటారో ఏమో.

ఆవిడకి చివర్లో నీళ్లు పోసింది నేనే. జబ్బు పడ్డవాళ్లందరికీ నేనే పోస్తున్నాను, ఒళ్లు తుడుస్తున్నాను. కన్నబిడ్డలే దగ్గరికి రావట్లేదు మరి. పశ్చాత్తాపం అంటే ఇదీ అని రొగాటస్ అందరికీ నన్ను చూపిస్తున్నాడు. జాదర్ దేవుడి మనిషి అయిపోయాడట!

నీకు నిజం చెప్పనా? నేను వెళ్తోంది వాళ్ల కోసం కాదు. ఆ జ్వరం కోసం. వాళ్లు తాగిన గిన్నెలోనే తాగుతున్నాను. వాళ్ల మొహం మీద మొహం పెట్టి ఊపిరి పీలుస్తున్నాను. ఈసారి వస్తే లేవను, లేచినా లేవనట్టే పడుంటాను.

సెర్టోరియా రొట్టె తింది, బుద్ధిగా చచ్చిపోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "దొనాటాతో ఏమన్నా చెప్పాలా?" అంది. నీతో మాట్లాడనిది, నా కోసం మాట్లాడతానంది. త్వరలో వస్తానని చెప్పమందామని నోటిదాకా వచ్చింది.

కానీ అంతకు ముందే వైద్యుడు చెప్పాడు. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినవాడికి మళ్లీ రాదట.