తుడిచేసిన షీటు

కొత్త కొట్టులో ఒక ప్లంబరు కుళాయిల కోసం కౌంటరు ముందు నిలబడ్డాడు. కోడలు పాత కొట్టులో ఉన్న మామగారికి ఫోన్ చేసింది.

“మామయ్యా, ప్లంబరుగారికి అరవై కుళాయిలు పక్కన పెట్టమని నిన్న ఫోన్లో మన లెక్కల షీటులో రాశాను. పెట్టారా?”

“షీటులో ఏమీ లేదమ్మా. ఖాళీగా ఉంది.”

“ఉండదు మరి! సాయంత్రం ఆరింటికి మీరే మొత్తం చెరిపేశారు. ఎవరు ఎప్పుడు చెరిపారో ఇందులో కనిపిస్తుంది. వారం నుంచీ ఇదే వరస.”

“కొట్టు మూసేముందు లెక్కల పలక తుడవడం నాకు నలభై ఏళ్ళ అలవాటు. అయినా నేను తుడిచింది నా ఫోన్లోనే కదా?”

“ఇద్దరికీ ఒకటే షీటు మామయ్యా! మీరక్కడ తుడిస్తే ఇక్కడా పోతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?”

“విసుక్కోకమ్మా. పోయింది మళ్ళీ రాదా?”

“ఇప్పుడే వెనక్కి తెచ్చాను. మీ దగ్గర డెబ్బై రెండున్నాయి. అరవై వెంటనే ఆటోలో పంపండి.”

“అది నిన్నటి లెక్క. పొద్దున్నే అన్నీ అమ్మేశాను.”

“అన్నీనా! ఎవరికి?”

“మీ ఎదురు కొట్టాయనకి. పాపం, తన దగ్గర సరుకైపోయిందని పరిగెత్తుకొచ్చాడు.”

“బాగుంది మామయ్యా. ప్లంబరుగారు ఇప్పుడే రోడ్డు దాటి ఆ కొట్టులోకే వెళ్తున్నారు.”