పడవ నూనె, కారు చక్రం

గంజాం రేవు దగ్గర, కూతురు కొత్తగా కొన్న పాత కారు టైర్లకు ముసలాయన పొద్దున్నే సొరచేప నూనె పట్టించాడు, పడవకు పట్టించినంత ప్రేమగా. తొలి కిరాయికి బయల్దేరబోతూ ఆమె చూసింది.

“ఏటి నాన్నా ఇది? ఈదిలో పిల్లులన్నీ ఇక్కడే ఉన్నాయి.”

“మెరవనీయే. మన పడవ ఇన్నేళ్లు సెడనేదంటే ఈ నూనె సలవే.”

“అది కర్ర. ఇది రబ్బరు. నూనె తాగితే పాడైపోతాది.”

“మరి నీ సేతిలో సీసా ఏటి?”

“టైరు పాలిష్. బరంపురంలో కొన్నాను.”

“పాలలాగుంది. ఇది మెరుస్తాదేటి?”

“నల్లగా ఉంటాది, సాలు. కొట్టోడు జిగటగా మెరిసేది కూడా సూపించేడు. ఇసకంతా అంటుకుంటాదని ఒద్దన్నాను. నువ్వు అడుగున కూడా పూసేసినావు కదా?”

“పడవకి అడుగునే కదే పూస్తాం.”

“పడవకి బ్రేకు నేదు నాన్నా. ఇయ్యాల పొలసర దాకా మనుసుల్ని ఎక్కించుకుని ఎల్తన్నాను. బండి జారితే నూనె వల్ల జారిందనరు. ఆడది తోలింది, అందుకే జారిందంటారు. మళ్లీ ఎవులూ ఎక్కరు.”

ముసలాయనకు ఆ నోళ్లన్నీ తెలుసు. కొన్ని ఆయన పక్కన కూర్చుని వల అల్లేవే. బకెట్లో సబ్బుపొడి కలిపి, చక్రం ముందు కూర్చుని నూనె వదిలేదాకా రుద్దాడు.

“ఈ పాలు ఎక్కడ పుయ్యాలి?”

“పక్కలకే. రోడ్డు తగిలే కాడ ఒద్దు.”

“సరే. జారితే ఏటంటారో సెప్పేవు. జారకపోతే మాత్రం, టైర్లు మా నాన్న కడిగేడని సెప్పు.”