మూడో మెట్టు

మేడ మీదికి వెళ్ళే చెక్కమెట్ల దగ్గర మామగారు, కోడలు. నేల మీద నాలుగు చిన్న రంగు డబ్బాలు.

"పసుపు వద్దమ్మాయ్."

"ఎందుకొద్దు మామయ్యా? మెట్టు అంచు కనబడాలంటే పసుపే మేలని కొట్టువాడు కూడా అన్నాడు."

"వాడు డబ్బాలు అమ్ముకునేవాడు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు చెక్కకి రంగులేసినవాణ్ణి. టేకు మెట్లకి పసుపు పట్టీలు వేస్తే ఇల్లు బస్‌స్టాండులా ఉంటుంది. దారిన పోయేవాళ్ళు లోపలికొచ్చి టికెట్లెక్కడిస్తారని అడుగుతారు."

"అడిగితే అడగనీండి. అత్తయ్య మళ్ళీ పడకుండా ఉంటే చాలు."

"ఆవిడ పడింది మెట్ల వల్ల కాదుగా. ఆ చెప్పుల వల్ల. అరిగి అరిగి అట్టముక్కలయ్యాయి. కొత్తవి కొనుక్కోవే అంటే విన్నదా? నువ్వే చూశావుగా, మెట్ల మీద ఒకటక్కడ, ఒకటిక్కడ."

"చూశాను."

"చెప్పు జారిందని డాక్టరుతో తనే చెప్పింది కూడా."

"చెప్పింది. అయినా మీ అబ్బాయి వినడం లేదు కదా. రేపు ఆస్పత్రి నుంచి తీసుకురాగానే మేడకి తాళం వేసేస్తానంటున్నారు. అత్తయ్య కుట్టుమిషను ఎవరికో ఇచ్చేస్తారట. కింద పెట్టడానికి చోటు లేదని."

"మిషను ఇచ్చేస్తే ఆవిడ కుదురుగా ఉండలేదు. అది నేను కొనిచ్చింది కూడా కాదు, జాకెట్లు కుట్టి తనే కూడబెట్టి కొనుక్కుంది. అప్పట్లో నాకు బ్రష్షు కొనుక్కోవడమే గగనం."

"అందుకే కదా, సాయంత్రం ఆయన వచ్చేసరికి మెట్లు బాగుచేసి చూపిద్దామంటున్నాను. కాలి కట్టు విప్పాక ఎక్కుతుందిలెండి అని ఒప్పించొచ్చు. రంగు మీరు చెప్పండి, నేను వేస్తాను."

"నువ్వా? నేనుండగా?"

"చెయ్యి వణుకుతోందని మీరేగా అన్నారు."

"అన్నాననుకో. పనివాడు ముసలివాడైతే మిగిలేది నోరే. చేతిలో పని పోయింది గానీ నోట్లో పని ఇంకా భేషుగ్గా ఉంది."

"ఆ నోటితోనే చెప్పండి. నిన్న పై మెట్టు మీద ప్రైమర్ కొట్టి చూశాను. పొద్దున గోటితో గీరితే పొరలా లేచొచ్చింది."

"సరిగ్గా కలిపి ఉండవు."

"డబ్బా మీద రాసినట్టే కలిపాను."

"అయితే తేమ."

"ఈ ఎండల్లో, ఇంటి మధ్యలో తేమేంటి మామయ్యా?"

"చెక్కన్నాక దాని మనసు దానికుంటుందమ్మాయ్. మనం చెప్పినట్టు వింటుందా?"

"కొట్టువాణ్ణి అడిగాను. చెక్క మీద మైనం ఉంటే ఏ రంగూ నిలవదన్నాడు. ఈమధ్య మైనం పాలిష్ ఏమైనా పెట్టారా అని అడిగాడు."

"వాడికేం తెలుసు? వాడు పుట్టకముందే నేను—"

"పెట్టారా?"

"ఎవరు?"

"ఇంట్లో మైనం పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

"ఎప్పుడో పెట్టే ఉంటాను. పాతికేళ్ళ మెట్లు, ఎవరికి గుర్తుంటుంది? మైనమంటే మైనమేనా, లోకంలో ఇంకేం లేవా? ఇంట్లో ఏది జారినా నేనేనా?"

"జారడం గురించి నేనేం అనలేదు. భుజాలెందుకు తడుముకుంటున్నారు?"

"తడుముకోవడం లేదు. రంగు సంగతి చూద్దాం పద. పొద్దుపోతోంది."

"సరే, ఇటు గుమ్మం దగ్గర నుంచోండి. పొద్దున రంగులు పూసి చూశాను, కింది నుంచి ఐదు మెట్లు. అంచులు చూసి ఏది బాగుందో చెప్పండి. మొదటిది?"

"తెలుపు. వట్టి దండగ. రెండు రోజుల్లో మాసిపోతుంది."

"రెండోది?"

"రెండోది నీ పసుపు. ఎనామిల్ తెచ్చావు కదూ? మెరుపెక్కువ. మెట్ల మీద మెరుపు పనికిరాదు."

"పనికిరాదా?"

"రంగు మెరుపు సంగతి చెబుతున్నాను. దీపం పడితే కంటిని కొడుతుంది."

"మూడోది?"

"ఆగాగు. మూడోది... అదీ రంగంటే. పసుపే గానీ కాస్త ఇటుక చాయ కలిసింది. పెద్దమనిషి తరహా. నీ చెయ్యి అంచు దగ్గర కొంచెం వంకర పోయింది, ఫరవాలేదు, కొత్త కదా."

"నచ్చిందా?"

"అదే వేసెయ్. కంటికి హాయిగా ఉంది. చెక్కలో ఎంత బాగా కలిసిపోయిందో చూడు."

"మామయ్యా."

"నాలుగోది చూడక్కర్లేదు. నాకు ఒక్క చూపు చాలు."

"మామయ్యా, మూడో మెట్టుకి నేనేమీ వెయ్యలేదు. డబ్బాలు నాలుగే. కూర్చోండి. ఇలా కూర్చోండి."

"అందుకే అంత హాయిగా ఉంది కాబోలు."

"నవ్వకండి మామయ్యా."

"నవ్వక ఏం చెయ్యమంటావు? ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం వట్టి చెక్కకి నూటికి నూరు మార్కులేసింది. పైగా నీ చెయ్యి వంకర పోయిందన్నాను. లేని గీతకి వంకర పెట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటి, ఎన్నాళ్ళ నుంచి?"

"కనబడకపోవడం."

"కనబడుతుంది. నువ్వు కనబడుతున్నావు. తలుపు కనబడుతుంది. అంచులే... ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టుంటాయి. ఏడాది దాటింది."

"మరి రోజూ పేపరు చదువుతారుగా?"

"పేజీలు తిప్పుతాను. పొద్దున్న టిఫినుల దగ్గర మీరిద్దరూ వార్తలు మాట్లాడుకుంటారు కదా, అవి విని సాయంత్రం మీకే చెబుతాను. మామయ్యకెన్ని తెలుసో అని నువ్వు మెచ్చుకున్నావు కూడా."

"డాక్టరుకి చూపించుకోవాలని అనిపించలేదా?"

"రంగులేసేవాడికి చూపు తగ్గిందంటే ఇంకేం మిగిలింది తల్లీ? చెక్కని దూరం నుంచి చూసి దాని జాతకం చెబుతాడని నాకో పేరు. సంపాదించిన ఆస్తి అదొక్కటే. భయమేసింది. అంతే."

"ఇప్పుడు నిజంగా చెప్పండి. ఆ ఐదింట్లో మీకు ఏది కనబడింది?"

"మొదటిది. తెలుపొక్కటే."

"మాసిపోతుందన్నారు?"

"మాసిపోతే మళ్ళీ వేద్దాం. మెరుపు లేని తెలుపు తీసుకురా. పెద్దమనిషి తరహా నా మొహానికెందుకు? బస్‌స్టాండే నయం."

"తెస్తాను. కానీ మైనం తియ్యకపోతే తెలుపైనా నిలవదు. ఎంత మందంగా ఉందో తెలిస్తే టర్పెంటైన్ ఎంత కావాలో చెప్తానన్నాడు కొట్టువాడు."

"చాలానే కావాలి."

"చాలా అంటే?"

"రెండు పెద్ద సీసాలు తెచ్చుకో."

"పాతికేళ్ళ కిందట పెట్టినదానికా?"

"కాదు. మీ అత్తయ్య పడటానికి ముందు రోజు పెట్టినదానికి. నువ్వు ఆఫీసుకెళ్ళావు, అబ్బాయీ లేడు. మెట్లు వెలిసిపోయాయని మీ అత్తయ్య రెండుసార్లు అంది. నా పనితనం చూపిద్దామనుకున్నాను. ఒక పూత పూసి గుడ్డతో రుద్దాను. మెరుపు రాలేదు. ఇంకో పూత పూశాను. రాలేదు. మైనం కల్తీదని కంపెనీవాణ్ణి తిట్టాను, వాడి తాతని కూడా తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మెరుపు వచ్చే ఉంటుంది తల్లీ, మొదటి పూతకే వచ్చి ఉంటుంది. చూడలేనిది నేను. నాకు కనబడేదాకా పూశాను. డబ్బా అయిపోయింది."

"అయ్యో మామయ్యా."

"మర్నాడు పొద్దున్న నేను బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ కింద కూర్చుని ఉంది. నువ్వు ఫోన్లో అంబులెన్సువాళ్ళకి దారి చెబుతున్నావు."

"మరి ఈ ఐదు రోజులూ చెప్పులు, చెప్పులు అని..."

"ముందు నేననలేదు. ఆవిడే అంది, చెప్పు జారిందండీ అని. ఆ మాట దొరికింది చాలని పట్టుకు వేళ్ళాడాను. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథ నేనే చెప్పాను, చెప్పిన కొద్దీ చెప్పులు ఇంకా అరిగిపోయాయి. చివరికి వాటిని తీసుకెళ్ళి చెత్తలో పారేసి చేతులు కడుక్కున్నాను. పాపం, వాటికేం తెలుసు?"

"ఆయనకి చెప్పాలి మామయ్యా."

"చెప్పు. మేడకి కాదు, తాళం నాకు వెయ్యమను. కళ్ళ డాక్టరు దగ్గరికి రేపే వస్తాను, సూదులు పొడిచినా నోరెత్తను. మిషను మాత్రం కదపొద్దను. ఆవిడ మళ్ళీ మేడెక్కాలి."

"మరి అత్తయ్యకి?"

"అదే నావల్ల కావడం లేదు. రోజూ ఆస్పత్రికి చెబుదామనే వెళ్తున్నాను. మంచం పక్కన కూర్చుని కిటికీలోంచి ఎండ బాగుందని చెప్పి వచ్చేస్తున్నాను. నిన్న ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కొత్త చెప్పులు కొనుక్కుంటాలెండి, మీరు దిగులుపడకండి అంది. అప్పుడు ఏడుపొచ్చింది. పిచ్చిది, తప్పంతా తనదేననుకుంటోంది."

"అనుకోవడం లేదు మామయ్యా."

"ఎందుకనుకోదు? నీ ముందే చెప్పింది. చెప్పులు మెట్ల మీద పడి ఉండటం నేనూ చూశాను, ఆ మాత్రం కనబడింది నాకు."

"అవి నేను పడేసినవి. ఆవిడ ఆ రోజు ఉత్తకాళ్ళతోనే ఎక్కింది. విరిగిన కాలు పట్టుకుని కూర్చుని, ముందు గుమ్మంలో ఉన్న చెప్పులు తెచ్చి మెట్ల మీద పడెయ్యమంది, మీరొచ్చేలోగా. అవి పడ్డాకే నన్ను అంబులెన్సుకి ఫోన్ చెయ్యనిచ్చింది."