మూడు బస్తాల మిరపకాయ

దోహా, అల్ మన్సూరా. రాజన్న కిరాణా కొట్టు. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ.

"ముందుగాల నా చేతిల ఏమున్నది? మూడు బస్తాల ఎండు మిరపకాయ. లెక్క అక్కడికెళ్ళి మొదలుపెడదాం, అరుంధతి మేడం."

"లెక్క తర్వాత, రాజన్న గారూ. మరీహా ఎక్కడుంది? నెల రోజులైంది. ఫోన్ ఎత్తదు. మెసేజ్ చూస్తుంది, జవాబివ్వదు."

"చూస్తున్నదంటే మంచిగనే ఉన్నట్టు."

"వాళ్ళుండే కాంపౌండ్‌కి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ కూతురే తలుపు తీసింది. 'అమ్మ పనికి వెళ్ళింది' అంది. ఏం పని? ఎక్కడ పని? మీకు తెలిసే ఉంటుంది."

"నాకేం తెలుసు? బియ్యం, పప్పు అమ్ముకునేటోణ్ణి. చాయ్ తాగుతరా? కరక్ చెప్త."

"వద్దు. అదేమిటి, ఆ కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయేం? చేతులు కూడానూ."

"దుమ్ము."

"చేతులకి దుమ్మా?"

"దోహా దుమ్ము మేడం. ఏడన్న పడ్తది."

"వెనకాల ఏమిటా చప్పుడు?"

"ఏసీ."

"ఏసీ దంచుతుందా?"

"పాత ఏసీ."

"నవ్వులాట కాదండీ. గాజాలో మరీహా చెల్లెలు శిఫా గుడారాల మధ్య మట్టిపొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చి అమ్ముతోంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఆ పొయ్యి మీదే బతుకుతున్నారు. పిండికీ కట్టెలకీ ఇక్కణ్ణుంచి మరీహా పంపాలి. ఇక్కడ ఈవిడ చెయ్యి ఆగితే అక్కడ పొయ్యి ఆరిపోతుంది. ఆ పాపం మీదే."

"నాదా?"

"ఆవిడ అమ్మే పచ్చడికి మిరపకాయలిచ్చింది మీరు!"

"రుచి చూసింది ఎవరు?"

"ఏ రుచి?"

"చెప్పుండ్రి. రుచి చూసింది ఎవరు?"

"సరే, మనిద్దరిదీ. కానీ ముందు తప్పు మీది. ఎంత గొప్పగా చెప్పుకున్నానండీ మీ గురించి! 'పాలస్తీనా మహిళలకు చేయూత, మూడు బస్తాల మిరప దాత శ్రీ రాజన్న' అని బ్యానర్ వేయించాను. వెస్ట్ బే హోటల్లో మా సంఘం పెట్టిన చారిటీ బజారులో అందరి ముందూ శాలువా కప్పాం."

"శాలువ భద్రంగ ఉన్నది. వాపసు కావాలంటే ఇస్త. ఇస్త్రీ కూడ చేపిచ్చిన."

"నిజం చెప్పండి. అంత ఘాటు మిరపకాయలు మీ దగ్గరికెలా వచ్చాయి?"

"ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యిండ్రి. ముఖ్యంగ మరీహాకు."

"వేశాను. చెప్పండి."

"రంగుకని, కారం తక్కువుండే బ్యాడిగి పంపుమన్న. బొంబాయి షావుకారు నిప్పసుంటి తేజ పంపిండు. ఏడు నెలలు కూసున్నయి. కిలో కదల్లే. మీ అసుంటోళ్ళు కారం ఊరి నుంచే సూట్‌కేసుల తెచ్చుకుంటిరి. లేబర్ క్యాంపులల్ల ఉండే మనోళ్ళకు కంపెనీ మెస్సు. నూరుకుందామంటే రోలేది, మిక్సీ ఏది? అరబ్బులు బస్తా మూతి ఇప్పంగనే తుమ్మి పోతరు. ఇంకో నెలైతే పురుగు పడ్తది. సరిగ్గ గప్పుడు మీరొచ్చి, ఏమన్న దానం చెయ్యండి అన్నరు."

"అంటే?"

"జేసిన."

"అమ్ముడుపోని సరుకు ఆవిడకి అంటగట్టారన్నమాట!"

"అంటగడితే పైసలు తీసుకుంటరు మేడం. నేను తీసుకోలే."

"ఛీ. ఇల్లు కూలిపోయి, గాయపడ్డ కూతుర్ని ఎత్తుకుని వైద్యానికి ఇంత దూరం వచ్చిన మనిషి... ఆ పాప మొదటిసారి కర్ర పట్టుకుని నడిచిన రోజు..."

"అగో, మొదలైనయి నీళ్ళు."

"నాకు ఆగవండీ."

"గందుకే."

"గందుకే ఏమిటి?"

"ఏం లేదు. రుచి సంగతికొద్దాం. ఆమె మొదటి సీసా తెచ్చిననాడు నేనీడనే ఉన్న. చెంచాతోని మీకిచ్చింది. 'హార్, మేడం? హార్?' అని మూడుసార్లు అడిగింది. కారమా, కారమా అని. మీరేమన్నరు?"

"బాగుందన్నాను. ఆ వెల్లుల్లి, ఆ సోయికూర గింజలు, నిమ్మరసం..."

"అది కాదు. ఇంకేమన్నరు?"

"గుర్తులేదు."

"'ఇంకొంచెం వేసుకోవచ్చు' అన్నరు."

"మాది బాపట్లండీ! మిగతా లోకానికి నాలుక వేరే ఉంటుందని నాకేం తెలుసు? మీరూ చూశారుగా రుచి?"

"చూసిన. చప్పగున్నదనిపిచ్చింది. నోరు మూసుకున్న. మాది కోరుట్లాయె."

"నాశనం చేశామండీ. బజారులో ఒకావిడ వేలితో అద్దుకుని నాకి, నీళ్ళ కోసం ఐస్‌క్రీం స్టాల్లోకి దూరింది."

"ఇంకొకాయన టై ఇప్పి మొఖం తుడుసుకున్నడు."

"నూట ఇరవై సీసాల్లో అమ్మింది తొమ్మిది."

"అండ్ల ఏడు వాపసొచ్చినయి. ఇద్దరే వాపసియ్యలే. ఒకటి మీ ఇంటాయన, సుధాకరరావు సారు."

"రెండోది?"

"నేను."

"మరీహా ఒక్క మాట అనలేదు. సీసాలన్నీ డబ్బాల్లో సర్దుకుంది. నాకు మనసు ఆగలేదు. వెళ్ళి వాటేసుకుని ఏడ్చాను."

"చేతుల సీసాలున్న మనిషిని వాటేసుకుంటరా? రెండు పగిలినయి."

"ఆ మిగిలిన సీసాలు ఏమయ్యాయి? నూట పద్దెనిమిది..."

"నూట పదహారు. రెండు పగిలినయంటి గద. శుభమైన అంకె, మార్చకుండ్రి."

"ఎక్కడున్నాయి?"

"లెవ్వు."

"లేవంటే?"

"తిన్నరు. మా వ్యాను నడిపే చిరంజీవి తెలుసు గద, శుక్రవారం శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులకు సరుకు ఏసుకపోతడు. బజారుకెళ్ళి ఆ డబ్బాలు మా వ్యాన్లనే తెచ్చినం; మాపటికి ఖుబ్బూస్ రొట్టెల పెట్టుకోని తింటనని ఒక సీసా అడిగిండు. ఇచ్చిన. తెల్లారి కండ్లు వాచినయి."

"అంత కారమా!"

"కారం కాదు. ఏడ్చిండట. 'అన్నా, పదకొండు నెలలైంది నాలికె మీద ఏమన్న తెలిసి' అన్నడు. ఆ శుక్రవారం ఇరవై సీసాలు ఏస్కపోయిండు. గంటల ఫోను. ఇంకున్నయా అని. పప్పుల కలుపుకుంటున్నరు, గుడ్డుకు రాస్తున్నరు, ఉత్తగ నాకుతున్నరు. నేనూ ఆరేండ్లు గా క్యాంపులనే ఉన్న మేడం, ఆ మెస్సు పప్పు నాకెరుకే. పేరు కూడ పెట్టుకున్నరు. 'గాజా తొక్కు.'"

"అబ్బ! అంటే అమ్ముడుపోయాయా? అన్నీ? మరి ఆ డబ్బు మరీహాకి ఎంతిచ్చారు?"

"నేనేమియ్యలే."

"ఇవ్వలేదా? రాజన్న గారూ!"

"మెల్లగ..."

"అక్కడ పిండి బస్తా బంగారం ధరలో ఉంది, మీరిక్కడ కూర్చుని..."

"మెల్లగ మేడం. నేనియ్యలే. ఆమెనే నాకిచ్చింది."

"ఆవిడ మీకివ్వడమేమిటి?"

"బజారైన నాలుగోనాడు నా దగ్గరికొచ్చింది. కూసోబెట్టి నేనే బేరం మొదలుపెట్టిన. సీసా ఆరు రియాల్లకు నేను కొంట, పదికి నేనమ్ముకుంట అన్న. పాపమని, ఆరు రియాల్లంటే సంబరపడ్తదనుకున్న."

"పడిందా?"

"చాయ్ తాగింది. ఏమనలే. ఇంకో చాయ్ తాగింది. క్యాంపులెన్ని అన్నది. ఒక్కోదాంట్ల ఎందరుంటరన్నది. మూడో చాయ్ తాగి లేచేటాలకు ధర ఆమెది, సీసా ఆమెది. వ్యాను నాది, డీజిల్ నాది. సీసాకొక రియాల్ నాకు. ఆఖరుకు నా స్టోర్ రూం కూడ..."

"స్టోర్ రూమా?"

"అరే. నోరు జారింది."

"ఏ స్టోర్ రూం? ఈ వెనకాలదేనా?"

"చాయ్ చెప్త ఉండుండ్రి."

"రాజన్న గారూ, ఆ చప్పుడు దేనిది?"

"ఏసీ."

"ఏసీ వెల్లుల్లి వాసన వేస్తోందేం?"

"... మాటిచ్చిన మేడం. మీకు చెప్పొద్దన్నది."

"నాకా? నాకెందుకు చెప్పొద్దంది? నేనేం చేశానని?"

"కోపం చెయ్యకుండ్రి, ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్త. 'అరుంధతి మేడం మంచి మనిషి. కాని నన్ను చూస్తే ఏడుస్తది. ఏడ్చేటోళ్ళతోని బేరం చెయ్యరాదు' అన్నది."

"అలా అందా?"

"బజారునాడు మీరు మైకుల ఆమె కథంత చెప్పిండ్రు. హాలంత ఏడ్చింది. మైకు చేతికొస్తే, సీసా ఇరవై రియాల్లు, రొట్టెకు ఇట్ల రాసుకోండి అని చెప్దామని ఆమె రాత్రంత ఇంగ్లీషుల బట్టీపట్టుకున్నదట. ఏడుస్తున్న మందికి ధర ఎట్ల చెప్తది?"

"ఆ టిష్యూ డబ్బా కాస్త ఇటివ్వండి."

"మేడం?"

"ఏం లేదు."

"ఏడుస్తున్నరా?"

"దుమ్ము."

"అట్ల దారికొచ్చిండ్రు. ఆ చప్పుడు ఆమె మట్టి గిన్నెది. మిరపకాయకు మిక్సీ ఒప్పుకున్నది గని వెల్లుల్లి మాత్రం అండ్లనే నూరుతది. ఇల్లు పోయింది గని ఆ గిన్నె పగల్లేదట. ఒక చంకల పాప, ఒక చంకల గిన్నె పెట్టుకోని విమానమెక్కింది. తొక్కు అమ్మనీకి కాగితాలు గీగితాలన్నీ అరబ్బీల ఆమెనే మాట్లాడి తెచ్చుకున్నది. నా మూడు బస్తాలు ఎప్పుడో ఒడిసినయి. ఇప్పుడు బొంబాయి షావుకారుకు నేనే ఫోన్ చేసి, అయ్యా, జర ఆ తేజనే పంపు అంటున్న. వాడు నవ్వుతున్నడు."

"రాజన్నా! యల్లా! తొడిమెలు!"

"... అది మరీహా గొంతేగా? తెలుగులో పిలిచింది?"

"చిరంజీవి నేర్పిండు. అంకెలు, బేరానికి నాలుగు మాటలు వచ్చు గని, ఆ మాట అన్నిటికన్న మంచిగ నేర్సుకున్నది. తొడిమెలు తీసుడు నా డ్యూటీ. పొద్దుగాల గంట, మధ్యాహ్నం గంట. అదిగూడ ఆ మూడో చాయ్‌ల పోయింది."

"అందుకా కళ్ళూ చేతులూ!"

"దుమ్ము అన్న గద."

"రాజన్నా! వేన్, ఏడ తొడిమెలు? ... ఓ! మేడం అరుంధతి!"

"మరీహా! ఎన్నాళ్ళైందమ్మా నిన్ను చూసి, నేనెంత భయపడ్డానో, నీకేమైందో ఏమో అని..."

"మేడం, మేడం. మాఫీ ఏడుపు."

"ఏమంటోంది?"

"ఏడుపు లేదు అంటున్నది. సగం అరబ్బీ, సగం చిరంజీవి."

"ఏడవను. ఇదిగో, తుడిచేసుకున్నాను. ఆ చెంచా ఏమిటి? కొత్త పచ్చడా?"

"వెస్ట్ బే వాళ్ళ కోసం చేసింది. కారం తక్కువ. మీకు సీసా ఇద్దామనే..."

"ఏదీ, రుచి చూడనీ..."

"లా! లా, లా, లా! మేడం, లా!"

"మీరు చూడొద్దంటున్నది. నేను కూడ చూడొద్దు. ఇప్పుడు రుచి చూసేది పక్క సెలూన్ల ఫిలిప్పీనామె. ఆమె నీళ్ళు అడగకపోతేనే సీసాల పడ్తది."

"బాగా చేసింది. ఎంత మరీహా, సీసా?"

"ఇరవై రియాల్."

"పదిహేనుకివ్వు."

"పదిహేనా! మేడం! ఇరవై!"

"పదహారు. అంతకన్నా పైసా ఎక్కువివ్వను. పక్క వీధిలో ఇంతకన్నా పెద్ద సీసా ఇస్తారు."

"పక్క వీధి మాఫీ! ఇరవై!"

"మేడం, జర ఆమె మొఖం చూడుండ్రి. మీరు బేరం చేస్తుంటే ఎట్ల వెలుగుతున్నదో. నెలకెళ్ళి నేను ఒక్కసారి గూడ గట్ల నవ్వంగ చూడలే."

"మీరుండండి మధ్యలో. పదిహేడు, మరీహా. పది సీసాలు తీసుకుంటాను."

"పది? ... పద్దెనిమిది. ఖలాస్."

"ఖలాస్! చూశారా, రెండు రియాల్లు తగ్గించాను."

"తగ్గిచ్చిండ్రు. పొద్దుగాల నాతోని, ధర పద్దెనిమిదే పెడ్తనన్నది."

"అమ్మ మరీహా!"

"ఇప్పుడన్న నా లెక్క వింటరా మేడం?"

"చెప్పండి, చెప్పండి."

"మొదలు నా దగ్గరున్నయి: మూడు బస్తాలు, ఒక స్టోర్ రూం, నా దుకాణంల నా మాట. ఇప్పుడు బస్తాలు లెవ్వు, రూం లేదు, మాట అసలే లేదు. వచ్చినయి: సీసాకొక రియాల్, ఒక శాలువ, రెండు గంటల తొడిమెలు."

"అంతేనా?"

"ఇంకొక్కటి మిగిలింది. చెవిల చెప్త. అమ్ముడుపోక అంటగట్టిన సంగతి ఆమెకు ఇప్పటికీ తెల్వది. ఇయ్యాల్టికీ నన్ను దాత అనే అనుకుంటది. ఆ ఒక్క మర్యాద ఉన్నది మేడం, అది పోనియ్యకుండ్రి. ఒట్టేసిండ్రు."

"ఒట్టంటే ఒట్టే."

"ఏంది మరీహా, ఫోన్ల ఎవరు?"

"శిఫా! ఉఖ్తీ శిఫా!"

"వాళ్ళ చెల్లె. ఎన్ని రోజులకు సిగ్నల్ దొరికిందో. ఏమంటున్నది? పొయ్యి వెలుగుతున్నదా?"

"ఆగండి, మరీహా నాకు ఇంగ్లీషులో చెబుతోంది. ... ఊఁ. ... ఊఁ. ... అయ్యో రామా! నిజంగానా మరీహా? మొదటి రోజునించీనా?"

"ఏమన్నది? మేడం, ఎందుకు గంతగనం నవ్వుతున్నరు? నాకు గూడ చెప్పుండ్రి. నా దిక్కు చూసి ఆమె గూడ నవ్వుతున్నదేంది?"

"చెబుతున్నాను, ఆగండి, ఊపిరి తీసుకోనివ్వండి. రెండో పొయ్యి కట్టారట. ముగ్గురల్లా ఏడుగురు అయ్యారట, పిండి దొరికిన రోజున నాలుగు వందల రొట్టెలు. ఇంకా రాజన్న సేట్‌కి సలాం చెప్పి, కొట్లో ఏడు నెలలుగా అమ్ముడుపోని సరుకు ఇంకేమైనా ఉంటే, అది కూడా దానం చేసెయ్యమంది."