ముందు మన చేతికి

1974వ సంవత్సరం ఆగస్టు 19వ తేదీ, సోమవారం నాడు ఢిల్లీ ఓఖ్లాలోని మన ప్రయోగశాలలో సహాయ రసాయనవేత్తగా చేరిన శ్రీమతి అన్నపూర్ణేశ్వరి గారు, ముప్పై అయిదేళ్ళకు పైబడిన నిర్విరామ సేవానంతరం, ఈ డిసెంబరు 31న పరీక్షా విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. మన సంస్థ పత్రిక ఈ సంచికలో తెలుగుకు రెండు పుటలు ఉండాలని పట్టుబట్టినవారు వారే. వాటిని నింపమని నన్ను ఆదేశించినవారూ వారే. సంతోషంగా ఒప్పుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. జనవరి ఒకటి నుంచి వారి కుర్చీ నాది, విడుదల పత్రం మీద సంతకం నాది. ఆ తలంపుకే భయమేస్తోంది.

కాకినాడలో రసాయనశాస్త్రం చదివి, హిందీలో ఒక్క ముక్క రాకుండా ఢిల్లీకి వచ్చిన వారు తొలి పదిహేడేళ్ళూ ముఖానికి రాసే స్నోలను, పౌడర్లను పరీక్షించారు. 1991లో సంస్థ నోయిడాకు తరలినప్పుడు విభాగ బాధ్యతలు స్వీకరించి, అక్కడ ఒక ఆచారాన్ని నెలకొల్పారు. ఏ పదార్థమైనా పరుల ముఖానికి చేరే ముందు, దాన్ని తయారుచేసినవారూ, దానిపై సంతకం చేసేవారూ తమ ఎడమ ముంజేతి లోపలి వైపు మూడు రోజులు రాసుకోవాలి. "ముందు మన చేతికి" అని వారు అనగానే మేమందరం చొక్కా చేతులు మడిచేవాళ్ళం. పొట్టి చేతుల చొక్కాలు కొనుక్కోవడానికి ఇదే అసలు కారణమని మా ఇంటివారికి ఇప్పుడైనా తెలియాలి.

2001లో విటమిన్ సి రూపాలను పోల్చే పని వారి చేతికి వచ్చింది. పశ్చిమపు కిటికీలో, మే నెల ఎండలో మూడు సీసాలు పెట్టారు. మొదటిది స్వచ్ఛమైన ఆస్కార్బిక్ ఆమ్లం: చురుగ్గా పనిచేస్తుంది, బాగా పులుపుగా ఉంచితేనే నిలుస్తుంది, గాలీ వెలుతురూ తగిలితే వారాల్లో చాయ్ రంగుకు తిరుగుతుంది. రెండవది మెగ్నీషియంతో కూడిన ఫాస్ఫేటు రూపం: నెమ్మదైనది, చర్మానికి సౌమ్యమైనది, కాని పులుపు దానికి సరిపడదు. మూడవది నూనెలో కరిగే పాల్మిటేటు: క్రీములో తేలికగా కలుస్తుంది, ఫలితం మాత్రం అంతంతే. వీటిలో ఏది గొప్పదని అమ్మకాల విభాగం ఎన్నిసార్లు అడిగినా వారిది ఒకటే జవాబు: "ఎవరి మొహానికండీ? ఏ నెల్లో? ఏ సీసాలో?"

2003లో వరంగల్ నుంచి వచ్చి వారి కింద చేరిన నేను మూడేళ్ళు ఆ ఆమ్లంతోనే పనిచేశాను. 2006 జూన్‌లో ఫాస్ఫేటు రూపాన్ని తొలిసారి నాకు అప్పగించారు. చేతికి పట్టిన అలవాటు కొద్దీ దానికీ పులుపు పెంచాను. పత్రంలో ఆ పులుపు అంకె నిజాయితీగానే రాశాను. నా మీది నమ్మకంతో వారు ఆ అంకెను చూడలేదు. సౌమ్యమైన రూపమే కదా అని మేమిద్దరం ఆ ఒక్కసారి చేతికి రాసుకోలేదు. పన్నెండు సీసాలు మయూర్ విహార్‌లో వారు నివసించే అపార్ట్‌మెంట్ల సొసైటీకే, వారి ఇరుగుపొరుగు స్త్రీలు వాడి చూడటానికి వెళ్ళిపోయాయి.

రెండు రోజుల తరువాత నా బల్ల మీద మిగిలిన సీసా అడుగున తెల్లని గరుకు పేరుకుని ఉంది. ఏం చేశానో క్షణంలో అర్థమైంది. ఉద్యోగం పోతుందని భయం, ఎవరి ముఖం పాడైందోనని అంతకు మించిన భయం. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది కాని, మధ్యాహ్నమంతా నోరు విప్పలేదు. నాలుగు గంటలకు వారి గదిలోకి వెళ్ళాను.

"తప్పైంది మేడం. ఆమ్లం లెక్కనే దీనికి గూడ పులుపు పెంచిన."

వారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎన్ని వెళ్ళాయి?"

"పన్నెండు."

"పద."

ఆటోలో మయూర్ విహార్ చేరి ఇంటింటికీ వెళ్ళాం. పదకొండు ఇళ్ళలో సీసాల మూతలు ఇంకా తీయలేదు. పన్నెండవది మూడవ అంతస్తులోని కృష్ణకుమారి గారిది. తలుపు తీసిన ఆమె రెండు బుగ్గలూ కందిపోయి ఉన్నాయి.

"అచ్ఛా, ఆంటీ, మీరేనా! నిన్నట్నుంచి మంటగానే ఉందండీ. మీరు పంపింది కదా, తగ్గిపోతుందిలే అని మళ్ళీ రాసుకున్నా."

ఆ "మీరు పంపింది కదా" అన్న మాట ఈనాటికీ నన్ను వదలలేదు. అన్నపూర్ణేశ్వరి గారు స్వయంగా ఆమె ముఖం చల్లని నీళ్ళతో కడిగి, వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళి, ఎరుపు పూర్తిగా తగ్గిన అయిదవ రోజు వరకు ఆఫీసుకు బయలుదేరే ముందు ఆ మెట్లెక్కి చూసి వచ్చారు. దోషాల పుస్తకంలో నా పేరు రాశారు. దాని కిందే తమ పేరూ రాశారు. "తప్పు నీది. చూడకుండా సంతకం పెట్టింది నేను. రెండూ ఉండాలయ్యా" అన్నారు. నన్ను కాపాడలేదు, వదులుకోనూ లేదు.

మయూర్ విహార్‌కు మెట్రో వచ్చి రెండు నెలలైనా కాలేదు. గతవారం అందులో పక్కపక్కన కూర్చుని వస్తూ, ఎన్నాళ్ళుగానో దాచుకున్న ప్రశ్న అడిగాను.

"సంతకం అంటెనే భయమైతాంది మేడం. మీకు ఎప్పుడు పోయింది ఈ భయం?"

వారు తమ ఎడమ ముంజేయి తడుముకున్నారు.

"ఒక్కసారే పోయిందయ్యా. ఆ జూన్‌లో."

ఈ మాటలు రాస్తున్న వేళ నా ఎడమ చేతి మీద జనవరిలో విడుదల కావలసిన కొత్త ద్రావణం ఉంది; ఇది రెండవ రోజు. అమ్మా, ముప్పై అయిదేళ్ళు మీరు మోసిన భయాన్ని ఇక మాకు అప్పగించండి, దాన్ని పోగొట్టుకోకుండా చూసుకుంటాము. మీరు మాత్రం మీ వారితో, అమ్మాయి ప్రవల్లికతో కలిసి, ఏ సీసా అడుగుకూ తొంగిచూడనవసరం లేని నిశ్చింత ఉదయాలతో, సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.

— శివరామకృష్ణ, పరీక్షా విభాగం